తుక్కుగూడ సంజీవని

అవతారిక: డిసెంబరు నెల, పొద్దున ఐదున్నర. శ్రీశైలం రోడ్డు మీద మంచు ఇంకా విడలేదు. ఔటర్ రింగు రోడ్డు దీపాలు తడిసిన పసుపులా ఉన్నాయి. శంషాబాద్ విమానం చప్పుడు వినపడుతోంది గాని విమానం కనపడటం లేదు. ఆరింటికి ఎయిర్‌పోర్టులో డ్యూటీ ఎక్కాల్సిన కథానాయకుడు కదలని స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. ఆ నాయకుడు నేనే. గల్లీ మొగన కొట్లోనే పడుకునే మెకానిక్ దుప్పటి తీయకుండా చేసిన ఉపదేశాన్ని ఇంటికొచ్చాక ఆటవెలదిలో కట్టాను. భావం ఆయనది, గణాలు నావి.

సెల్ఫు నొక్కి నొక్కి చేయి నొచ్చెను గాని
టిక్కుమనుట తప్ప దిక్కు లేదు
చలికి చిక్కె నూనె సన్నగిలెను బ్యాట్రి
కిక్కు కొట్టి చూడు తుక్కుగూడ

మెదక్ దగ్గరి కొల్చారం మల్లినాథసూరి ఊరు. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ చేసి మరీ రాశాడు. నేను ఆ పేరు ఒక్కటే అరువు తెచ్చుకున్నాను, ప్రతిజ్ఞ తేలేదు.

ప్రతిపదార్థం: సెల్ఫు = కుడి హ్యాండిల్ మీది మీటను; నొక్కి నొక్కి = మాటిమాటికీ అదిమి; చేయి నొచ్చెను గాని = బొటనవేలు వాచినదే తప్ప; టిక్కుమనుట తప్ప = రిలే చప్పుడు కాక; దిక్కు లేదు = వేరు గతి లేదు; చలికి = శీతము వలన; నూనె = ఇంజన్ ఆయిలు; చిక్కె = చిక్కబడెను; బ్యాట్రి = బ్యాటరీ; సన్నగిలెను = సత్తువ తగ్గెను; కిక్కు కొట్టి చూడు = స్పష్టము; తుక్కుగూడ = దీని సంగతి చివర.

తాత్పర్యం: బండి స్టార్ట్ కాలేదు.

విశేషాలు: 'నొక్కి నొక్కి' ఆమ్రేడితం. ఒక్కసారి నొక్కి ఊరుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదు. శాస్త్రం మాత్రం ఐదు సెకన్లు నొక్కాక పది సెకన్లు ఆగమంటుంది. ఆగకుండా నొక్కేకొద్దీ బ్యాటరీలో మిగిలిన నాలుగు చుక్కలూ మోటారు తాగేస్తుంది.

'టిక్కుమనుట' అన్నది పద్యానికి ప్రాణం. ఇది వట్టి ధ్వన్యనుకరణ కాదు, రోగ నిదానం. సెల్ఫ్ నొక్కినప్పుడు ముందు చిన్న కరెంటు వెళ్లి రిలేని మూస్తుంది, టిక్కు అక్కడిది. రిలే మూసుకున్నాక పెద్ద కరెంటు మోటారుకి పోవాలి. చిన్నదానికి సరిపడా ఉండి పెద్దదానికి లేకపోతే టిక్కుటిక్కుటిక్కు అని గడియారంలా కొట్టుకుంటుంది. అది బ్యాటరీ నీరసం. ఒకే ఒక్క టిక్కు గట్టిగా కొట్టి నోరు మూసుకుంటే రిలే పలకలనో మోటారునో అనుమానించాలి. అసలు టిక్కే లేకపోతే ముందు మీ ఎడమచేతిని అడగండి. బ్రేకు పట్టకుండా సెల్ఫ్ నొక్కితే స్కూటరు పలకదు. ఈ మూడో సందర్భంలో మెకానిక్‌ని నిద్ర లేపిన మహానుభావులు మా గల్లీలో ఇద్దరున్నారు. రెండోవాడి పేరు చెప్పను, మొదటివాడు ఈ వ్యాఖ్యాత.

బ్యాటరీ మూత తీస్తే టెర్మినల్ చుట్టూ తెల్లగా, కొంచెం నీలంగా విభూతి కట్టి ఉంటుంది. అది భక్తి కాదు. వంటసోడా కలిపిన వేడినీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి తోమి, తుడిచి, నట్టు బిగిస్తే సగం బండ్లు అక్కడే లేస్తాయి.

'చిక్కె' దగ్గర పండితులు జారిపడతారు. మనిషి చిక్కితే సన్నబడినట్టు, నూనె చిక్కితే ముద్దయినట్టు. ఇక్కడ రెండోదే. ఆయిల్ డబ్బా మీది 10డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే వింటరు, చలికాలం. దాని ముందరి అంకె ఎంత చిన్నదైతే చలిలో నూనె అంత పలచగా పారుతుంది. మా మేనల్లుడు మిన్నెసోటాలో ఉంటాడు. ఇంటి ముందు మంచు తోసే స్నో బ్లోయరులో 5డబ్ల్యూ-30 పోస్తాడు. ఆ యంత్రం సెల్ఫ్‌కి బ్యాటరీయే లేదు. ఇంటి గోడ ప్లగ్గు నుంచి వైరు లాగి గుచ్చి, మీట నొక్కి, ఇంజను అందుకోగానే వైరు పీకేస్తారు. అయినా మైనస్ ఇరవైలో మోటారు గుయ్యిమంటుంది గాని ఇంజను కదలదట, పళ్లచక్రానికి తేమ పట్టి మంచై అతుక్కుపోతుందట. "అప్పుడేం చేస్తావురా?" అంటే, "గ్యారేజీలోకి నెట్టి, కాస్త వేడెక్కనిచ్చి, తాడు గుంజుతా మామయ్యా" అన్నాడు. కిక్కుకి అది పాఠాంతరం.

ఇప్పుడు 'చలికి' అన్న మాట. ఇక్కడ నేను మూలంతోనే విభేదిస్తాను. హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. తుక్కుగూడలో ఎంత వణికినా పది డిగ్రీల అటూఇటూ. ఆ మాత్రానికి ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ పడిపోదు. బ్యాటరీలో ఆరు గదులు, గదికి 2.1 వోల్టుల చొప్పున నిండుగా 12.6. చలిలో లోపలి ఆమ్లం మందకొడిగా పనిచేస్తుంది, నిజమే. కానీ పలకలను లోలోపల తినేసింది మే నెల. నలభై రెండు డిగ్రీల ఎండలో పార్కింగులో నిలబెట్టినప్పుడే దాని ఆయుష్షు తీరింది. ఆ కబురు డిసెంబరులో తెలిసింది, అంతే. నేరం ఎండది, నింద చలిది.

'కిక్కు' సనాతనం, సెల్ఫ్ ఆధునికం. 1912లో క్యాడిలాక్ కార్లకు కెటరింగ్ అనే ఇంజనీరు సెల్ఫ్ తగిలించేదాకా కారుకైనా హ్యాండిలు తిప్పడమే గతి. మన తండ్రులు చేతక్‌ని ఓ పక్కకు వంచి, నిటారుగా లేపి కొట్టారు. చోక్ గుంజారు. ఈ పద్యంలో చోక్ ఊసెత్తకపోవడం కవి మరపు కాదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 స్కూటర్లలో పెట్రోలు చిమ్మేది ఇంజెక్టరు, చోక్ గుంజే పని మనకు లేదు. అయితే ఆ ఇంజెక్టరుకీ చిటికెడు కరెంటు కావాలి. బ్యాటరీ బొత్తిగా చచ్చిపోతే కిక్కూ పనిచేయకపోవచ్చు. అందుకే కవి 'కొట్టు' అనక 'కొట్టి చూడు' అన్నాడు, హామీ ఇవ్వలేదు. ఇక తోసి స్టార్ట్ చేయడం గేరు బండికే చెల్లుతుంది. బెల్టుతో నడిచే స్కూటరును ఫ్యాబ్ సిటీ దాకా తోసినా చెమట పడుతుంది గాని ఇంజను అందుకోదు.

మిగిలింది 'తుక్కుగూడ'. సంబోధన అని కొందరు: ఓ తుక్కుగూడా, కిక్కు కొట్టి చూడు. ఊరికి కాళ్లు లేవు గనక ఇది నిలవదు. సప్తమి లోపించిందని మరికొందరు: తుక్కుగూడలో కొట్టి చూడు. మరి రావిర్యాలలో కొడితే స్టార్ట్ కాదా? ఇక మూడోది: గసడదవాదేశం చేస్తే తుక్కు, కూడ కలిసి తుక్కుగూడ అయింది. 'లేస్తుంది' అన్న క్రియను తెచ్చుకోవాలి. కిక్కు కొట్టి చూడు, తుక్కు కూడ లేస్తుంది. ఆ మాట అంటూ మెకానిక్ నా బండి వైపు చూసిన చూపును బట్టి మూడోదే సిద్ధాంతం.

ఎనిమిదో కిక్కుకి బండి లేచింది. సాయంత్రం మూత తీసి చూస్తే బ్యాటరీ మీద తయారీ సంవత్సరం 2019 అని ఉంది. మీదెప్పటిదో ఈ ఎండాకాలం దాటగానే ఒకసారి చూసుకోండి.