చెక్క నెత్తి మీద, రాయి కాళ్ల కింద

ఈమధ్య ఒక ఆదివారం మా అబ్బాయి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. కొండాపూర్‌లో కొత్తగా కొన్న ఫ్లాటుకి వుడెన్ ఫ్లోరింగ్ కొటేషన్. "నాన్నా, ఒకసారి చూసి పెట్టండి, రేపు అడ్వాన్సు ఇవ్వాలి" అన్నాడు. పంచాయతీరాజ్‌లో ముప్పై రెండేళ్లు ఎంబుక్కులు, అంటే పనుల కొలతల పుస్తకాలు, రాసినవాణ్ణి. కొలతా, ధరా ఉన్న కాగితం చేతికొస్తే చివరి పంక్తి దాకా చదవందే కింద పెట్టలేను.

హాలు, రెండు పడకగదులు కలిపి 640 చదరపు అడుగులు. పైన పెద్దక్షరాల్లో "ఇంజనీర్డ్ ఓక్, అడుగు 480 రూపాయలు" అని ఉంది. మా వాడి మనసులో ఉన్న లెక్క అంతే: మూడు లక్షల ఏడు వేలు. అసలు సంగతి కింద చిన్నక్షరాల్లో ఉంది. కోతల్లో పోయే తరుగు 10 శాతం కలిపితే కొనాల్సింది 704 అడుగులు, దాని ఖరీదే 3,37,920. పలకల కింద పరిచే ఫోముకీ, కూలికీ కలిపి అడుగుకి 60 చొప్పున 38,400. గోడల వెంబడి స్కర్టింగు 210 అడుగులు, అడుగు 120 చొప్పున 25,200. గుమ్మాల దగ్గర పట్టీలకీ, తలుపుల అడుగు కోయడానికీ 14,000. వీటన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. అంతా కూడితే 4,90,313 రూపాయలు. దాన్ని 640కి పంచి చూశాను. 480 అన్న అడుగు 766కి తేలింది.

మా రోజుల్లో మేస్త్రీ ధర చెప్పేటప్పుడు బండా, దాని కింది పరుపూ, సందులు నింపడం, పాలిష్షూ అన్నీ కలిపి ఒక్క మాట చెప్పేవాడు. బేరం ఉంటే ఆ మాట మీదే ఉండేది. పని దిగాక ఇంకో రూపాయి అడిగితే వాడికే నామోషీ. ఇప్పుడు ధరని ముక్కలు చేసి, అందులో అందంగా కనిపించే ముక్కని పైన రాస్తున్నారు. ఇల్లు కొనడానికి అప్పు చేసిన పిల్లలు ఆ పై ముక్క చూసే సరేనంటున్నారు.

ఇంకో సంగతి నాకు మరీ బాధేసింది. ఆ ఫ్లాటులో బిల్డరు వేయించిన విట్రిఫైడ్ టైల్స్ ఉన్నాయి. ఒక్క టైలు పగల్లేదు, ఒక్కటి కదల్లేదు. వాటి ఖర్చు ఫ్లాటు ధరలో మేం ఇచ్చేశాం. ఆ టైల్స్ మీదే ఈ చెక్క పరుస్తారట. ఇంకా ఎవరూ నడవని నేలని కప్పెయ్యడానికి దాదాపు అయిదు లక్షలు!

మర్నాడు ఇంటీరియర్ కుర్రాడు నమూనాలు పట్టుకొచ్చాడు. మర్యాదస్తుడే, "అంకుల్, అంకుల్" అంటూ ఓపిగ్గా చెప్పాడు. ఒక ముక్క లామినేట్, 8 మిల్లీమీటర్ల మందం. పైన చూస్తే చెక్క గీతలు, ముడులు అన్నీ ఉన్నాయి. అంచు తిప్పి చూస్తే చెక్క లేదు. పీచు దంచి, జిగురు కలిపి, అణిచి చేసిన అట్ట. ఆ గీతలూ ముడులూ కాగితం మీద అచ్చు వేసినవి, దాని మీద గీతలు పడకుండా ఒక గట్టి పూత. దీన్నీ దుకాణంలో వుడెన్ ఫ్లోరింగ్ అనే అమ్ముతున్నారు. రెండో ముక్క మా వాడు ఎంచుకున్న ఇంజనీర్డ్ ఓక్. మందం 15 మిల్లీమీటర్లు. అందులో ఓక్ పైన 3 మిల్లీమీటర్లే, మిగిలిందంతా ప్లైవుడ్. ఇది మోసమని అనను, అడిగితే ఆ కుర్రాడే చెప్పాడు. కానీ అడిగేవాళ్లు ఎందరు? సాలిడ్ హార్డ్‌వుడ్ అంటే పైనుంచి కింది దాకా ఒకటే కొయ్య. అది అరిగితే చిత్రిక పట్టుకోవచ్చు, మళ్లీ పాలిష్ చేసుకోవచ్చు. అచ్చు కాగితాన్ని చిత్రిక పడితే ఏం మిగులుతుంది?

కుర్రాడు వెళ్లాక ఆ రెండు ముక్కల్నీ బక్కెట్టు నీళ్లలో వేసి పడుకున్నాను. తెల్లారి తీసి చూస్తే లామినేట్ ముక్క అంచులు అప్పంలా ఉబ్బిపోయాయి. పై కాగితం ఒక మూల గోటితో లాగితే వచ్చేసింది. ఇంజనీర్డ్ ముక్క అంత పాడవలేదు గాని, బల్ల మీద పెడితే ఒక చివర లేచి నిలబడింది. రాత్రి సమంగా ఉన్న పలక పొద్దున వంపు తిరిగింది. "నేలని ఎవరూ నీళ్లలో ముంచరు కదా మామయ్యగారూ" అంది కోడలు. నిజమే. కానీ మనది ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా వాన కొట్టే దేశం. బాల్కనీ తలుపు ఒక్క పూట మరిచిపోతే చాలు.

విశాఖలో మా చెల్లెలి కొడుకు ఇంట్లో జరిగింది ఇదే. అది వాన కూడా కాదు, ఏసీ నీళ్ల గొట్టం పూడుకుపోయి మంచం వెనక రాత్రంతా కారింది. సముద్రపు గాలికి ముందే చెమ్మగా ఉన్న పలకలు రెండు వరసలు ఉబ్బి లేచాయి. అవి ఒకదాని గాడిలో ఇంకొకటి ఇరికించినవి. మధ్యలో నాలుగు పలకలు మార్చాలన్నా గోడ దగ్గర్నుంచి విప్పుకుంటూ రావాలి. మంచం, బీరువా అన్నీ బయటపెట్టి విప్పారు. తీరా అదే రంగు పలకలు దొరకలేదు. వారంటీ కాగితం తీస్తే నీటి వల్ల, చెద వల్ల జరిగే నష్టానికి పూచీ లేదని అందులోనే ఉంది. మన ఊళ్లలో చెక్క నీళ్ల వల్లా చెద వల్లా కాక ఇంక దేనివల్ల పాడవుతుంది?

చెక్క మీద నాకు కోపం లేదు. నేను పుట్టింది చెక్క ఇంట్లోనే. కోనసీమలో మా తాతగారు కట్టిన మండువా లోగిలి. ఏజెన్సీ అడవుల టేకు గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రి చేరేది. అక్కడ ఎంచుకుని కొని కాలవ పడవల్లో ఊరికి తెచ్చుకున్నారట. ఆ కొయ్య అంతా ఎక్కడికి పోయింది? దూలాలకి, వాసాలకి, మండువా చుట్టూ స్తంభాలకి, ద్వారబంధాలకి, అటక పలకలకి. అంటే నెత్తి మీదా, చుట్టూ కూడా చెక్కే. గడపకి పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్లు, దాని మీద కాలు పెడితే నాయనమ్మ కేకలేసేది. కాళ్ల కింద మాత్రం పల్నాడు నుంచి తెచ్చిన నాపరాళ్లు. ఎందుకంటే అది ఇంటి నడిమధ్యన వాన కురిసే ఇల్లు. శ్రావణంలో నాలుగు వైపుల చూరు నీళ్లూ మండువాలో పడి తూములోంచి పోతుంటే, జల్లు వసారా నిండా కొట్టేది. నాపరాయి తడిసేది, ఆరేది. అంతే. చెక్కని ఎక్కడ పెట్టాలో, రాయిని ఎక్కడ పెట్టాలో వాళ్లకి తెలుసు.

ఆ ఇంట్లో ఉయ్యాల బల్ల ఉండేది. ఒకే పలక, అతుకు లేదు, రెండంగుళాల మందం. నాలుగు మూలలా ఇనప గొలుసులు. మనుషులు కూర్చుని కూర్చునే దాని మధ్యభాగం అద్దంలా నున్నబడింది, ఏ వార్నిషూ ఎరగదు. అంచున మాత్రం వడ్రంగి ఉలి ఆనవాళ్లు వేలికి తగిలేవి. చెక్కని తాకాలనుకుంటే ఆ బల్ల మీద కూర్చునేవాళ్లం.

1987లో వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నప్పుడు నేనూ ఆ పద్ధతే పట్టుకున్నాను. తలుపులకి టేకు, నేలకి తాండూరు బండ. పాలమూరు మేస్త్రీ లారీ దగ్గరే నిలబడి ప్రతి బండనీ సుత్తి కాడతో కొట్టి చూశాడు. ఖంగున మోగినవి ఒక పక్క, మొద్దుగా పలికినవి ఒక పక్క. "ఇది లోపల పొర విడిచింది సార్, రేపు పెచ్చు లేస్తది" అని ఆ రెండో కుప్ప లారీలోనే వెనక్కి పంపించాడు. పరుపు వేసి, బండ కూర్చోబెట్టి, కొయ్య సుత్తితో తట్టి, రసమట్టం పెట్టి చూసుకుంటూ రోజుకి కొంచెం కొంచెం పరిచాడు. పెరటి గుమ్మం వైపు కంటికి కనపడనంత వాటం ఇచ్చాడు. పది రోజులు తడిపాక పాలిష్ మిషను దిగింది. ముందు ముతక రాయి, తర్వాత మధ్యరకం, ఆఖరికి సన్నం. చీలమండల దాకా బూడిదరంగు బురద, చెవులు దిబ్బళ్లు పడే మోత. ఆ బురద కడిగేశాక కింద నీలంగా బండ తేలినప్పుడు మా ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది, లోపలికి అడుగు వెయ్యడానికి మనసు రాక. బండలకీ, పరుపుకీ, పాలిష్‌కీ కలిపి నా రెండు నెలల జీతం అయింది. మా అబ్బాయి జీతం నాకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా మూడు గదుల చెక్కకి వాడి నాలుగు నెలల జీతం పోతోంది.

కోడలు చెప్పే మాటల్లో నిజం లేకపోలేదు. చెక్క మోకాళ్లకి మెత్తన, పిల్లాడు పడినా తల పగలదు, చలికాలం కాలు జివ్వుమనదు. ఒప్పుకుంటాను. కానీ హైదరాబాదులో చలి ఎన్నాళ్లు? మే నెలలో ఎండ 42 డిగ్రీలు కొడుతుంటే, మధ్యాహ్నం చొక్కా తీసేసి తడిగుడ్డ పెట్టిన బండ మీద వెల్లకిలా పడుకుంటే వీపుకి తెలిసే చల్లదనం ముందు ఏసీ ఎందుకూ పనికిరాదు. ఆ ఒక్క సుఖానికి మేము పైసా కట్టలేదు.

అమెరికాలో ఒహైయోలో మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలున్నాను. అది పాత ఇల్లు. నేలంతా ముప్పాతిక అంగుళం మందాన ఓక్ బద్దలు, ఒక బద్ద అంచు ఇంకో బద్ద గాడిలో కూర్చునేలా చేసి మేకులు దిగేసినవి. అమ్మాయి వాళ్లు కొన్నాక పైన గీకించి మళ్లీ పూత వేయించారు, కొత్తదానిలా ఉంది. బయట మంచు, లోపల వెచ్చగా పాదాల కింద కొయ్య. నాకు ఎంతో నచ్చింది. అక్కడ అదే న్యాయం. ఓక్, మేపుల్ వాళ్ల అడవుల చెట్లు, ఇంటి గోడలే కొయ్యతో కడతారు, స్నానాల గది దాటి నీటి చుక్క బయటికి రాదు. వాళ్లు తమ ఊళ్లో దొరికేదాన్ని తమ వాతావరణానికి వాడుకున్నారు. మనకి తాండూరు ఉంది, బేతంచెర్ల ఉంది, కడప బండ ఉంది. ఇవన్నీ లారీ దూరంలో పెట్టుకుని ఓడలో వచ్చే ఓక్ పొర కోసం అడుగుకి 766 ఇస్తున్నాం.

కొయ్యే కావాలంటే మన టేకే వేయించుకోరాదా అని కూడా లెక్క వేశాను. డిపోలో అడిగితే మంచి రకం ఘనపుటడుగు 4,500 అన్నారు. ముప్పాతిక అంగుళం పలక అయితే ఒక ఘనపుటడుగుకి లెక్క ప్రకారం 16 చదరపు అడుగులు రావాలి. కోతలో, చిత్రికలో మూడో వంతు పోయిందనుకున్నా అడుగుకి 420కి అటూ ఇటూ పడుతుంది. 3 మిల్లీమీటర్ల ఓక్ ధరలో ముప్పాతిక అంగుళం గట్టి టేకు! ఓక్ కంటే టేకు మీద గీత తొందరగా పడుతుంది గాని, చెదకీ తేమకీ అదే ఓర్చుకుంటుంది. అయితే ఆ పలకలు గాడి తీసి కూర్చోబెట్టే వడ్రంగి కోసం వారం వెతికాను. దొరికినవాళ్లందరూ ప్లైవుడ్ కోసి మైకా అతికించేవాళ్లే. చిత్రిక బల్ల ఉన్నవాడు ఒక్కడూ కనపడలేదు. పెట్టెలో వచ్చిన పలకని టక్కున ఇరికించే పనికి మనం డబ్బులిస్తుంటే, కొయ్య చదవడం వచ్చినవాడి పిల్లలు ఆ పని ఎందుకు నేర్చుకుంటారు?

చివరికి మా అబ్బాయి హాలు మానుకున్నాడు. కోడలి మాట కాదనలేక ఒక పడకగది మాత్రం, 160 అడుగులు, వేయించుకుంటానన్నాడు. వాళ్ల ఇల్లు, వాళ్ల డబ్బు, అంతకుమించి నేను మాట్లాడలేదు. ఆ గదిలో ఏసీ నీళ్ల గొట్టం మాత్రం ముందు సరిచూసుకోమన్నాను.

మా వనస్థలిపురం బండలకి 1987 తర్వాత పెట్టిన ఖర్చు ఒక్కసారే, 2011లో మళ్లీ పాలిష్. ఇప్పటికీ పండక్కి ముందు రోజు బిందెలతో నీళ్లు గుమ్మరించి చీపురుతో తోస్తే వాటం పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోతాయి.

మీలో ఎవరైనా ఇంటికి చెక్క నేల వేయించాలనుకుంటుంటే ఒక్కటే మనవి. అడ్వాన్సు ఇచ్చే ముందు నమూనా ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. ఒక రాత్రి బక్కెట్టు నీళ్లలో వెయ్యండి. తెల్లారి దాన్ని చేత్తో తడిమి చూసి, అప్పుడు సంతకం పెట్టండి.