బేస్‌మెంట్‌లో థర్మల్ స్టేషన్

మన తెలుగువాళ్లకి డబ్బు ఖర్చు పెట్టడం చేతకాక కాదు, పెట్టింది పదిమందికీ కనపడాలి. వంటింట్లో గ్రానైట్ గట్టు, గరాజ్‌లో టెస్లా, మెడలో కాసులపేరు. వీటికి ఎంత పోసినా నొప్పి తెలియదు. మినియాపోలిస్ శివార్లలో జనవరి నెలలో మనిషిని బతికించే ఫర్నేస్‌కి మాత్రం ఆ యోగం లేదు. దాని కాపురం బేస్‌మెంట్‌లో, పాత సూట్‌కేసుల వెనక. గృహప్రవేశానికొచ్చి "ఏదీ, మీ ఫర్నేస్ చూపించండి" అన్న పుణ్యాత్ముణ్ని నేనింతవరకూ చూడలేదు.

అందుకే మాది ఇరవై ఏళ్లు దాటి మూలుగుతున్నా వినపడనట్టే తిరిగాను. ఈ చలికాలం కూడా అలాగే గడిచిపోయేదే. కానీ మావయ్యగారు వచ్చారు. బుద్ధున్నవాళ్లెవరూ అమ్మానాన్నల్ని మిన్నెసోటాకి జనవరిలో పిలిపించుకోరు, నిజమే. పురుడు సీజన్ చూసుకుని రాదు కదా.

ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ పవర్ స్టేషన్‌లో బాయిలర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. 210 మెగావాట్ల యూనిట్లతో కాపురం చేసిన మనిషి. వచ్చిన మర్నాడే బేస్‌మెంట్‌లోకి దిగి, మా ఫర్నేస్ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "దీనికి ఓవర్‌హాలింగ్ కాదు అల్లుడుగారూ, రిటైర్‌మెంటే" అని తేల్చేశారు.

ఎస్టిమేట్లకి పిలిచాం. మొదట వచ్చినాయన మెట్ల మీంచే పాతదాని వంక చూసి, "ఇది లక్ష బీటీయూ, మళ్లీ లక్షే వేద్దాం" అన్నాడు. మావయ్యగారు కళ్లు మూసుకుని నోట్లోనే లెక్క కట్టారు. "గంటకి లక్షంటే ఇరవై తొమ్మిది కిలోవాట్లు. ఇల్లు వెచ్చబెట్టడానికా, ఇటుకలు కాల్చడానికా?" నేను అనువదించలేదు.

ఇంకొకాయన 96 శాతం సామర్థ్యం ఉన్న మోడల్ తెచ్చాడు. వంద డాలర్ల గ్యాస్ కాలిస్తే తొంభై ఆరు డాలర్ల వేడి ఇంట్లోనే ఉంటుందని ఓపిగ్గా చెప్పాడు. అంతా విని మావయ్యగారు ఇంగ్లీషులో ఒకే ప్రశ్న వేశారు: "వాట్ హాపెండ్ టు ది అదర్ ఫోర్?"

పై గదిలో బాలింతగా పడుకున్న మా ఆవిడ అక్కణ్నించే అరిచింది: "నా టెన్త్ లెక్కల మార్కులకీ ఇదే మాట అన్నావు నాన్నా!"

నిజానికి మావయ్యగారి అనుమానం నాలుగు గురించి కాదు, తొంభై ఆరు గురించి. జీవితమంతా ఆయన కాల్చిన బొగ్గులో కరెంటుగా మారింది మూడో వంతు. చిమ్నీలోకి పోయే పొగ 140 డిగ్రీల దాకా ఉండేది. అంతకన్నా బాగా చల్లబరిస్తే బొగ్గులోని గంధకం ఆమ్లమై గొట్టాలు తినేస్తుంది. ఇక్కడేమో పొగని ప్లాస్టిక్ గొట్టంలో గోడలోంచి అడ్డంగా బయటికి పంపుతామంటున్నారు! గ్యాస్ మండితే పుట్టే నీటి ఆవిరి పొగలోనే ఉంటుంది. ఈ కొత్త ఫర్నేస్‌లో రెండో హీట్ ఎక్స్ఛేంజర్ ఆ ఆవిరిని నీరుగా మార్చి, అది దాచుకున్న వేడిని కూడా లాగేస్తుంది. ఆ నీరు కాలవలోకి పోతుంది, మిగిలిన పొగ గోరువెచ్చగా బయటికి. 80 శాతం సామర్థ్యం ఉన్న మామూలు మోడల్‌కి ఈ ఏర్పాటు లేదు. అందుకే దానికి రేకు గొట్టం, పైకి పోయే చిమ్నీ కావాలి.

నేను ఇంటర్నెట్‌లో చదివి ఇదంతా వివరించాను. రిటైరైన ఇంజనీరు అల్లుడి మాట నమ్మితే ఇంకేముంది! మర్నాడు పొద్దున, బయట మైనస్ ఇరవైలో, మంకీ క్యాప్ పెట్టుకుని పక్కింటి గోడ దగ్గర వాళ్ల ఫర్నేస్ గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నారు. మంచు తీద్దామని పార పట్టుకొచ్చిన పక్కింటాయన అక్కడే ఆగిపోయాడు. నేను చెప్పులతోనే పరిగెత్తి, ఈయన మా మావయ్యగారని, మీ గొట్టం నాడి చూస్తున్నారని మనవి చేసుకున్నాను. మావయ్యగారు చెయ్యి తీసి, "వెచ్చగా ఉందంతే. నిజమే చెప్పాడయ్యా ఆ సేల్స్‌మన్," అన్నారు. నన్ను లెక్కలోకి తీసుకోలేదు.

చివరికొచ్చిన కుర్రాడు టేపు తీసి కిటికీలు కొలిచాడు, అటక ఎక్కి ఇన్సులేషన్ మందం చూశాడు, మాన్యువల్ జె అనే పద్ధతిలో లెక్కగట్టి అరవై వేల బీటీయూ చాలన్నాడు. మరీ పెద్దదైతే పది నిమిషాల్లో ఇల్లు వేడెక్కించి ఆగిపోతుందట, మళ్లీ వెలుగుతుందట, ఈ ఆరాటంలో తొందరగా అరుగుతుందట. రెండు స్టేజీలదైతే ఎక్కువ సేపు చిన్న మంట మీదే నడుస్తుంది. టేపు పట్టినప్పుడే మావయ్యగారు అతన్ని ఖాయం చేసుకున్నారు. కాఫీ కూడా అతనికొక్కడికే వచ్చింది.

కొత్తది చప్పుడు చెయ్యదు. అదే ఇబ్బంది. పనిచేస్తోందో లేదో తెలియక మావయ్యగారు బేస్‌మెంట్‌లో కుర్చీ వేసుకున్నారు. పైన మాత్రం థర్మోస్టాట్ దగ్గర కొత్త యుద్ధం మొదలైంది. బాలింతకి 74 ఫారెన్‌హీట్ చాలదు, ఆయనకి 70 దాటకూడదు. 1885లో ఆల్బర్ట్ బట్జ్ అనే ఆయన ఇంటి వేడిని బట్టి ఫర్నేస్‌కి గాలి వదిలే డాంపర్ దానంతటదే తెరుచుకుని మూసుకునే ఏర్పాటు కనిపెట్టింది ఈ మినియాపోలిస్‌లోనే. ఆయన కంపెనీయే పెరిగి థర్మోస్టాట్ల హనీవెల్ అయింది. ఆయనింట్లో పురిటి మనిషీ ఆమె తండ్రీ ఒకేసారి ఉన్నట్టు లేదు.

ఏప్రిల్‌లో విమానం ఎక్కేముందు మావయ్యగారు నాకొక నోటుపుస్తకం ఇచ్చారు. లాగ్ బుక్. ఏ, బీ, సీ షిఫ్టులు, తేదీలు, ఇంటి ఉష్ణోగ్రత, బయటి ఉష్ణోగ్రత, రిమార్కులు. అన్ని షిఫ్టుల్లోనూ డ్యూటీ ఆపరేటర్ ఆయనే. ఆఖరి పేజీలో "ఛార్జ్ అప్పగించడమైనది" అని సంతకం చేసి, నా సంతకం కూడా తీసుకున్నారు. దాని కింద పెండింగ్ పనులు: ఫిల్టర్ మార్చవలెను. డ్రెయిన్ గొట్టం చూడవలెను. థర్మోస్టాట్ మీద అమ్మాయి చెయ్యి పడకుండా చూడవలెను.

మొదటి రెండూ చేశాను.