గ్యాస్ ఒడిసింది సార్!

ఏసీని 20 డిగ్రీల కంటే దించరాదట, 28 దాటించరాదట. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి ఖట్టర్ గారు అలాంటి నిబంధన తెస్తామన్నప్పటి నుంచి ఏసీలున్న మిత్రులంతా ఆస్తి జప్తయినట్టు దిగులు పడుతున్నారు. నాకా బెంగ లేదు. వనపర్తిలోని మా ఇంటి ఏసీ 20 కిందికి దిగిన పాపాన ఎన్నడూ పోలేదు. రిమోట్ మీద 18 అని వెలుగుతుంటే గదిలో 34 ఉంటుంది. కాకపోతే 28 దాటరాదన్న రెండో షరతు ఒకటుంది కదా, దాని లెక్కన నేను కరడుగట్టిన నేరస్తుణ్ని.

  

అసలు సంగతికి వస్తాను. గద్వాలలో అడగండి, వనపర్తిలో అడగండి, నాగర్‌కర్నూల్‌లో అడగండి, ఏసీకి వచ్చే జబ్బు ఒక్కటే. నీళ్లు కారుతున్నాయా? గ్యాస్ ఒడిసింది. చప్పుడొస్తోందా? గ్యాస్ ఒడిసింది. రిమోట్‌లో సెల్లు అయిపోయినా సరే, బండి స్టాండు వేయకముందే మెకానిక్ నోట వచ్చే మాట అదే: "గ్యాస్ ఒడిసింది సార్!"

ఒడవడానికి అదేమన్నా వంటింటి సిలిండరా? ఏసీలో గ్యాస్ మండదు, ఖర్చు కాదు. ద్రవమై, ఆవిరై, మళ్లీ ద్రవమై అవే గొట్టాల్లో తిరుగుతుంది, ఒంట్లో నెత్తురు తిరిగినట్టు. ఏటా మే నెలలో "నెత్తురు ఒడిసింది" అని సీసా ఎక్కించి పంపే డాక్టరు దగ్గరికి ఎవరైనా పోతారా? ఎక్కడ కారుతోందో చూడవయ్యా అని గల్లా పట్టుకోరా?

మూడేళ్లుగా మూడు వేసవులు నేను నింపించాను. మొదటిసారి నమ్మాను. రెండోసారి అనుమానించాను. మూడోసారి పక్కనే నిలబడి చూశాను. అసలు పద్ధతి ఇది: గ్యాస్ తగ్గిందంటే కారినట్టే. కారే చోట సబ్బు నురగ రాస్తే బుడగ లేస్తుంది. అక్కడ అతుకు వేయాలి. వాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేయాలి. ఆ పైన మిషన్ ప్లేటు మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి నింపాలి. మా ఇంటికొచ్చినాయన దగ్గర పంపు లేదు, త్రాసు లేదు, సబ్బు కూడా మేమే ఇచ్చాం, అదీ చేతులు కడుక్కోవడానికి. గొట్టానికి చెవి ఆనించి కాసేపు విని, "సరిపోయింది సార్" అన్నాడు. కిరాణా కొట్లో పావుకిలో కందిపప్పు కూడా అలా అమ్మరు.

నిజానికి సగం జబ్బులు దుమ్మువి. బయటి పెట్టె మీద ఏడాది దుమ్ము పేరుకుంటే లోపలి వేడి ఎటు పోతుంది? నీళ్లతో కడిగితే తీరేదానికి గ్యాస్ డబ్బులు.

వోల్టేజీ గురించి ఒక్క మాట. జూరాలలో 234 మెగావాట్లు, శ్రీశైలం ఎడమ గట్టున 900 మెగావాట్ల పవర్ హౌసులు మా గడప ముందే ఉన్నాయి. మా వీధి స్టెబిలైజర్లు మాత్రం రాత్రంతా టకటకమంటూనే ఉంటాయి.

ఇక నవ్వు చాలు. ఆ మెకానిక్ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. నడుముకు తాడైనా లేకుండా రెండో అంతస్తు సజ్జ మీద, 43 డిగ్రీల ఎండలో వేలాడుతున్న వాడికి ఎవరు నేర్పారు? ఎవరు పనిముట్లిచ్చారు? కోపం అమ్మినవాళ్ల మీద. 2016 అక్టోబరు 11న మా మూడు ఊళ్లు జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, షోరూములు వచ్చాయి, వాయిదాల మీద ఏసీలు వచ్చాయి. కానీ కంపెనీ సర్వీసు మ్యాపులో మేమింకా ఉమ్మడి పాలమూరే. ఫోన్ చేస్తే "టెక్నీషియన్ మహబూబ్‌నగర్ నుంచి రావాలి". వచ్చినాయన "సర్క్యూట్ బోర్డు హైదరాబాద్ నుంచి రావాలి". పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ మా అమ్మ, 81 ఏళ్ల మనిషి, తడి తువ్వాలు కప్పుకుని పడుకుంది. వేసవిలో చల్లగా ఉండే మట్టి మిద్దె కూలగొట్టి ఆమెను ఈ స్లాబు కిందికి తెచ్చినవాణ్ని నేనే. "పదేళ్ల వారంటీ" అన్నారు కదా అంటే, అది కంప్రెసర్‌కట. బోర్డుకు లేదు, గ్యాస్‌కు లేదు, కూలికి లేదు. చెడిపోని దానికి వారంటీ, చెడిపోయేదానికి బిల్లు. దీన్ని వ్యాపారమనరు, దోపిడీ అంటారు.

రిమోట్ మీద అంకెకు నిబంధన తెస్తామనే తెలివి ఢిల్లీకి ఉంది. అమ్మిన ఊళ్లో బాగుచేసే మనిషిని పెట్టాలన్న చట్టం తెచ్చే తెలివి ఎప్పుడొస్తుందో?

అందాకా మీరు చేయగలిగింది ఒకటుంది. "గ్యాస్ ఒడిసింది" అన్నవాణ్ని లీకు ఎక్కడో వేలు పెట్టి చూపించమనండి. త్రాసు తెమ్మనండి. చూపించకపోతే పైసా ఇవ్వకండి. కంపెనీ పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఏసీ పక్కనే గోడ మీద రాసి పెట్టుకోండి.