పెట్టెకి పంకా లేదు, ఇంట్లో పంకా దానికే

అమలాపురంలో ఇంటి నుంచి ఉద్యోగం చేసే కొందరు కుర్రాళ్ళకి కొత్త మౌనవ్రతం పట్టింది. వ్రతం వాళ్ళకి కాదు లెండి, కంప్యూటర్‌కి. లోపల ఫ్యాన్ ఉండకూడదు, తిరిగే హార్డ్ డిస్క్ ఉండకూడదు. అల్యూమినియం రెక్కల డబ్బా ఒకటి బల్లమీద కూర్చుంటుంది. "ఉందో లేదో కూడా తెలీదండి" అని మురిసిపోతారు.

రాజోలు, మలికిపురం వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తెల్లవార్లూ నీళ్ళు చిలుకుతూనే ఉంటాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో డీజే పెడితే కిటికీ అద్దాలు వణుకుతాయి. కరెంటు పోతే పక్కింటి జనరేటర్ అందుకుంటుంది. ఇన్నిటినీ ఓర్చుకునే చెవికి, అరచేయంత ఫ్యాన్ చేసే గుసగుస ఒక్కటే ఏకాగ్రత చెడగొడుతోందిట!

ఫ్యాన్ తీసేస్తే చప్పుడు పోతుంది గానీ వేడి పోదు కదా. ఈ డబ్బాల్లో వాడే ఇంటెల్ ఎన్100 చిప్పు కాగితం మీద 6 వాట్లు. గట్టి పని చెబితే అంతకు మించే లాగుతుంది. ఆ వేడి రెక్కల్లోంచి గది గాలిలోకి దిగాలంటే గది చల్లగా ఉండాలి. ఉక్కపోత బాధ మనదే, డబ్బాకి చెమట పట్టదు. దానికి గది ఎంత వేడెక్కిందన్నదే లెక్క. గది వేడెక్కినకొద్దీ లోపల చిప్పూ అంతకంత కాగుతుంది, హద్దు దాటగానే తన వేగం తనే తగ్గించుకుంటుంది. అంటే సంక్రాంతికి కొన్న వేగం రోహిణి కార్తెకి చేతిలో ఉండదు.

ఇదేమీ కొత్త సరదా కాదు. 1980లో ఆపిల్ త్రీ కంప్యూటర్‌కి ఫ్యాన్ వద్దని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టాడు. కొన్ని యంత్రాల్లో చిప్పులు సాకెట్లలోంచి కదిలిపోయేవి. రెండు మూడంగుళాలు పైకెత్తి బల్లమీద దబ్బున వదలండి, సర్దుకుంటాయి అన్నదే అప్పటి వైద్యం. 2000లో ఫ్యాన్ లేకుండానే ఆపిల్ వాళ్ళ జీ4 క్యూబ్ వచ్చింది, మరుసటి ఏడే ఆపేశారు. 2020లో ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ మాత్రం నెగ్గింది, చిప్పే తక్కువ వేడి పుట్టించేది కనక. మెయిళ్ళు చూసుకోడానికి, టీవీకి తగిలించి సినిమా పెట్టుకోడానికి ఫ్యాన్ లేని డబ్బా బంగారంలా సరిపోతుంది, కాదనను. దాని చేత గంటల తరబడి వీడియోలు ఎడిట్ చేయిస్తూ నిశ్శబ్దం గొప్పలు చెప్పేవాళ్ళతోనే నా పేచీ.

పన్నెండు సెంటీమీటర్ల పెద్ద ఫ్యాన్ ఒకటి బిగించి నెమ్మదిగా తిప్పితే, చెవి ఆనిస్తే తప్ప వినపడదు. ఖర్చు కొన్ని వందలు. కానీ అందులో చెప్పుకోడానికి గొప్పేముంది?

మే నెల మధ్యాహ్నం ఇలాంటి ఇంటికి వెళ్ళి చూడండి. అల్యూమినియం డబ్బా మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. దానికి ఎదురుగా స్టూలు, స్టూలు మీద టేబుల్ ఫ్యాన్, మెడ తిప్పకుండా పిన్ను నొక్కేసి మరీ. నెత్తిమీద సీలింగ్ ఫ్యాన్ అయిదు నంబరు మీద కిర్రుకిర్రుమంటోంది. పాతరకం సీలింగ్ ఫ్యానొక్కటే డెబ్బై వాట్లు పైన తింటుంది, కింద 6 వాట్ల చిప్పుకి ఉపచారం చేయడానికి.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ డబ్బాకేమో టేబుల్ ఫ్యాను, నాకేమో విసనకర్రా?" అని అరుగు మీంచి తల్లి కేక.

"అబ్బా, చప్పుడు చెయ్యకమ్మా, మీటింగులో ఉన్నాను!"