పుస్తకాలను నిషేధించండి సారూ!

మా ముదిగొండ పిల్లలకూ పెద్దలకూ పుస్తకాల మీద ప్రేమ పుట్టించాలని పెద్దమనుషులు తెగ ఆరాటపడుతున్నారు. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. దండలు, శాలువాలు, ‘పుస్తక పఠనం వల్ల లాభాలు’ మీద వ్యాసరచన పోటీ. ఒకసారి ఫస్టొచ్చిన పిల్లకు స్టీలు టిఫిన్ బాక్సు ఇచ్చారు. పుస్తకం ఇస్తే చిన్నబుచ్చుకుంటుందనుకున్నారు కాబోలు.

ఈ వరసలో పోతే ఎన్ని శాలువాలైనా చాలవు. నా మనవి ఒక్కటే: ప్రభుత్వం వెంటనే పుస్తకాలను నిషేధించాలి.

నవ్వకండి. నిజాం ఏలుబడిలో తెలుగు చదువు అంటే సర్కారుకు గిట్టేది కాదు. అయినా 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం లేచాయి. తర్వాత సర్కారు గస్తీ నిషాన్ 53 తెచ్చి, సభ జరపాలంటే ముందు అనుమతి తెచ్చుకోమంది. జనం ఆగారా? మా ఖమ్మంలోనే 1934లో ఒకసారి, 1945లో ఇంకోసారి ఆంధ్రమహాసభ జరిపారు. వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఇప్పుడు ఏ అడ్డూ లేదు, పుస్తకం మోసేవాడూ లేడు.

రాతకైనా అంతే. మాకు పక్కనే నేలకొండపల్లి. అక్కడి కంచర్ల గోపన్నను గోల్కొండ చెరసాలలో వేస్తే కీర్తనలు పుట్టాయి. ఖమ్మంలో చదువుకున్న దాశరథిని నిజామాబాదు జైల్లో పెడితే, పళ్లు తోముకునే బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. బొగ్గుకు మాకు కొదవ లేదు, ఇల్లెందు ఎంత దూరం! కొరత అంతా ఆ జైలుదే.

పోనీ, చదువుకు మేం ఖర్చు పెట్టడం లేదా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వెయ్యి పన్నుకు 80 రూపాయలు. ఆ లెక్కన ఇల్లున్న ప్రతివాడూ పుస్తక పోషకుడే. కాకపోతే రసీదులో ఆ వరసను కూడా ఎవరూ చదవరు. ఇంట్లో పిల్లాడు కథల పుస్తకం పట్టుకుంటే, ‘చదువుకోకుండా ఆ చదవడమేంట్రా!’ అని గదమాయించేదీ ఈ పోషకులే.

మా ఊరివాళ్లకు చదువు మీద ఆసక్తి లేదని ఎవరన్నా అంటే మాత్రం ఊరుకోను. 2007 జూలై 28న, భూమి కోసం ఆందోళన చేస్తున్న జనం మీద ఇక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు పోయారు. ఆ మర్నాడు ఒక్క పేపరును ఏ పేజీకా పేజీ విడదీసి పంచుకున్నారు. అక్షరం రాని ముసలమ్మ ఒకామె మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అదే వార్త మళ్లీ మళ్లీ చదివించుకుంది. పఠనం వల్ల లాభాలేమిటో ఆమెకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

మొన్నామధ్య ఒక బడికి వెళ్లాను. ఊరి పేరెందుకు, హెచ్చెమ్ గారు మంచి మనిషి. మూలన ఇనప బీరువా, దానికి తాళం. బతిమాలితే తెరిచారు. పుస్తకాల కట్టలకు పురికొసలు అట్లాగే ఉన్నాయి. ఒకటి లాగి చూశాను. వెనక అట్ట లోపల తేదీలు వేసే కాగితం అంటించి ఉంది. ఒక్క ముద్రా లేదు. నా మోచేతి కింద నుంచి మూడో తరగతి పిల్ల తల దూర్చి వాసన చూసింది.

“కొత్తదా సార్?”

“నీకంటే పెద్దదమ్మా.”

“ఏయ్, చేతులు కడుక్కున్నావా?” అన్నారు హెచ్చెమ్ గారు. పిల్ల చేతులు కడుక్కుని వచ్చేసరికి బీరువా మూసేశారు.

“పుస్తకం పోతే నా జీతంలో కోస్తారు సార్. చదవకపోతే ఎవరూ ఏమీ కోయరు” అన్నారు నాతో. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

చూశారుగా, నిషేధం ఎప్పుడో అమల్లోకి వచ్చింది. తాళం ఉంది, జీవో ఒక్కటే తక్కువ. నిషేధించామని పిల్లలకు చెప్పకపోవడమే అసలు తప్పు. చెప్పి ఉంటే ఈపాటికి ఆ బీరువా ఖాళీ అయ్యేది. దయచేసి జీవో ఇవ్వండి. బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి: ‘కథల పుస్తకాలు ముట్టుకోరాదు.’ ఆ ఒక్క వాక్యమైనా పిల్లలు చదువుతారు.

జీవో వచ్చేదాకా ఆగలేని పిల్లలకు ఒక మాట. బీరువా తాళంచెవి హెచ్చెమ్ గారి టేబులు సొరుగులో, కుడివైపున ఉంటుంది. సొరుగుకు తాళం లేదు.