పిల్లల యాంటీబయాటిక్: విని వదిలేయాల్సిన సలహాలు

ఇంట్లో పిల్లకు ఒళ్లు వెచ్చబడితే చాలు, సలహాలకు లోటుండదు. ఊళ్లో అత్తయ్య, పక్కింటి పిన్నిగారు, మందుల షాపు అబ్బాయి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, తలా ఒక మాట చెబుతారు. చెప్పేవాళ్లందరికీ పిల్ల మీద ప్రేమే. అయితే యాంటీబయాటిక్ చీటీ రాసేది ఒక బిడ్డకు, ఒక జబ్బుకు, ఆ రోజు బరువుకు, ఇన్ని రోజులని లెక్క కట్టి. ఆ నాలుగింటిలో ఏది తప్పినా మందు పనిచేయదు, ఒక్కోసారి హాని కూడా చేస్తుంది. కింద రాసిన సలహాలు మన ఇళ్లలో రోజూ వినబడేవే. వాటిని ఎందుకు పక్కన పెట్టాలో, బదులుగా ఏం చేయాలో చెబుతాను.

1. “చీమిడి పచ్చబడింది, యాంటీబయాటిక్ మొదలుపెట్టేయండి.”

జలుబు మొదలైన కొన్నాళ్లకు చీమిడి చిక్కబడి పసుపుగానో ఆకుపచ్చగానో మారడం మామూలే. ఒంట్లోని తెల్ల రక్తకణాల వల్ల వచ్చే రంగు అది. దాన్ని చూసి బ్యాక్టీరియా చేరిందని అనుకోనక్కర్లేదు. పిల్లలకు వచ్చే జలుబులు, దగ్గులు, నీళ్ల విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. వైరస్‌ను యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. విరేచనాలకు కావలసింది ఓఆర్ఎస్, దాంతోపాటు డాక్టరు చెప్పిన మోతాదులో 14 రోజుల పాటు జింక్. విరేచనంలో రక్తం పడితే మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే.

దగ్గులో గమనించాల్సింది ఊపిరి. పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టండి. 2 నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు నిమిషానికి 50, ఏడాది నుంచి 5 ఏళ్ల లోపు వాళ్లకు 40, లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి ఆడుతుంటే న్యుమోనియా కావచ్చు. డొక్కలు ఎగరేస్తున్నా అంతే. ఇక తెల్లారేదాకా ఆగకండి. యాంటీబయాటిక్ నిజంగా ప్రాణం నిలబెట్టేది ఇలాంటి చోటే.

2. “పోయినసారి చీటీ ఉందిగా, అదే చూపించి తెచ్చుకో.”

పోయినసారి చీటీలో ఉన్నది పోయినసారి జబ్బు, పోయినసారి బరువు. 3 కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి దాదాపు 9 కిలోలకు చేరుతుంది. పిల్లల మోతాదు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని కడతారు కాబట్టి పాత కొలత ఇప్పుడు సరిపోదు. అలమరలో మిగిలిన సగం సీసా సంగతీ అంతే. పొడిలో నీళ్లు కలిపి చేసిన సిరప్‌లలో చాలావాటి ఆయుష్షు వారం. చీటీ లేకుండా అమ్మకూడని మందుల స్ట్రిప్పు మీద నిలువునా ఎర్ర గీత ఉంటుంది. దాని అర్థం జనానికి తెలియాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రచారం కూడా చేపట్టింది. షాపువాళ్లు అడగకుండానే ఇచ్చినా, ఆ గీత కనబడితే మీరే ఆగండి.

3. “నాన్న మాత్రల్లో ఒకటి సగం విరిచి వెయ్యమ్మా.”

పెద్దలకు పనికొచ్చే ప్రతి మందూ పిల్లలకు పనికిరాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. ఎందరి ప్రాణాలనో నిలబెట్టిన ఆ కుటుంబపు మందులే 8 ఏళ్ల లోపు పిల్లల్లో, పెరుగుతున్న పళ్ల మీద పోని మరకలు వేయగలవని తర్వాత తేలింది. అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను స్క్రబ్ టైఫస్ లాంటి జబ్బుల్లో పిల్లలకూ ఇస్తారు. కానీ అది లాభనష్టాలు బేరీజు వేసుకుని డాక్టరు తీసుకునే నిర్ణయం. వంటింట్లో మాత్ర విరిచి తేల్చే విషయం కాదు.

4. “పొడిలో నీళ్లు పోసి ఊపితే అయిపోయింది.”

పిల్లల యాంటీబయాటిక్ చాలావరకు సీసాలో పొడిగా వస్తుంది. కలపడంలోనే సగం తప్పులు జరుగుతాయి. ముందు సీసాను తట్టి, అడుగున గట్టిపడిన పొడిని వదులు చేయాలి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు, లేదా పెట్టెలోనే ఇచ్చిన నీళ్లు, గీతకు కొంచెం కిందదాకా పోసి బాగా ఊపాలి. నురగ అణిగాక మట్టం దిగుతుంది. అప్పుడు మళ్లీ సరిగ్గా గీతదాకా నింపి ఇంకోసారి ఊపాలి. నీళ్లు తక్కువైతే మందు చిక్కబడి మోతాదు పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. కలిపిన తేదీ లేబుల్ మీద పెన్నుతో రాయండి. ఫ్రిజ్‌లో పెట్టాలో వద్దో, ఎన్నాళ్లు వాడాలో లేబుల్ చెబుతుంది. పోసే ప్రతిసారీ ఊపండి. లేకపోతే మందు అడుగున పేరుకుని, మొదటి రోజుల్లో పిల్లకు పలచటి నీళ్లే దక్కుతాయి, చివరి రోజుల్లో ఘాటు మందు పడుతుంది.

5. “ఓ చెంచాడు పోస్తే చాలు.”

ఏ చెంచా? పంచదార డబ్బాలోదీ, ఉప్మా తినేదీ ఒక్క కొలత కావు. డాక్టరు చెప్పేది ఎంఎల్‌లలో. సీసాతో వచ్చిన మూతతోనో, సూది లేని సిరంజితోనో కొలవండి. కొద్ది మోతాదుకు సిరంజే నమ్మకం.

ఇంకో పెద్ద ప్రమాదం లేబుల్ మీదే ఉంటుంది. అమాక్సిసిలిన్ సిరప్ 5 ఎంఎల్‌కు 125 మిల్లీగ్రాములుగానూ, 250గానూ దొరుకుతుంది. ఒకటి అయిపోయి రెండోది తెచ్చినప్పుడు పాత అలవాటుగా 5 ఎంఎల్ పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. పసిపిల్లల డ్రాప్స్ అయితే ఇంకా చిక్కగా ఉంటాయి. సీసా మారినప్పుడల్లా పేరొక్కటే కాదు, ఆ అంకె కూడా చీటీతో సరిచూసుకోండి.

6. “వేడి చేస్తుంది, సగం డోసే ఇవ్వు.”

సగం డోసు వేడిని తగ్గించదు, బ్యాక్టీరియాను పూర్తిగా చంపదు. బలహీనమైనవి చస్తాయి, మందును తట్టుకోగలిగినవి మిగిలి పెరుగుతాయి. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే చాలీచాలని మోతాదుల గురించి హెచ్చరించాడు. 2016లో వెలువడిన ఢిల్లీ ఆసుపత్రుల అధ్యయనంలో, నవజాత శిశువుల రక్తంలో దొరికిన బ్యాక్టీరియాలో చాలా భాగం ఒకటికి మించిన మందులకు లొంగనివేనని తేలింది. మందుల్ని ఇష్టమొచ్చినట్టు వాడిన ఫలితం చివరికి పుట్టీపుట్టని బిడ్డల మీద పడుతోంది.

ఒక డోసు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు ఇవ్వండి. తర్వాతి డోసు వేళ దగ్గరపడితే అదొక్కటే ఇవ్వండి, రెండూ కలిపి పోయకండి. మందు తాగిన అరగంట లోపే మొత్తం కక్కేస్తే మామూలుగా మళ్లీ అదే డోసు ఇవ్వమంటారు. అయినా మీ డాక్టరును ముందే అడిగి పెట్టుకోవడం మంచిది. పదేపదే కక్కుతుంటే మాత్రం ఫోన్ చేయాల్సిందే.

7. “జ్వరం తగ్గిందిగా, ఇక ఆపెయ్.”

స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే గొంతువాపుకు పెన్సిలిన్ గానీ అమాక్సిసిలిన్ గానీ సాధారణంగా 10 రోజులు ఇస్తారు. జ్వరం రెండు మూడు రోజుల్లోనే పోతుంది. గొంతులో బ్యాక్టీరియా మిగిలిపోతే, తర్వాత రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినవచ్చు. ఆ 10 రోజులు గొంతు కోసం ఎంతో, గుండె కోసమూ అంతే. ఎన్ని రోజులన్నది జబ్బును బట్టి ఉంటుంది. తీవ్రంగా లేని న్యుమోనియాకు 5 రోజులు చాలని చెప్పే డాక్టర్లున్నారు, అదీ సరైనదే. మీ అంతట మీరు తగ్గించకండి, “ఇంకో మూడు రోజులు వేద్దాం” అని పొడిగించనూ కూడదు.

8. “రెండు డోసులైనా తగ్గలేదు, సూది వేయించండి వదినా.”

సరైన మందుకైనా చాలా జబ్బుల్లో 48 నుంచి 72 గంటలు గడువివ్వాలి. టైఫాయిడ్‌లో జ్వరం దిగడానికి 4, 5 రోజులు పట్టడం మామూలే. ఈలోగా ఇంకో చోట చూపించి మందు మార్పిస్తే ఏ మందు పనిచేసిందో ఎవరికీ తెలియదు. సూదికి ప్రత్యేక మహిమ ఏమీ లేదు. పిల్ల తాగగలిగితే, అరిగించుకోగలిగితే నోటి మందు చాలా జబ్బులకు చాలు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి సూదుల వల్ల చెవులు, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదముంది కాబట్టి వాటిని డాక్టరు కనిపెట్టుకుని ఇవ్వాలి. జ్వరం వచ్చిన రెండో రోజే వైడాల్ రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అని తేల్చేస్తే నమ్మకండి, అప్పుడే అది సరిగా చెప్పలేదు. రక్తం కల్చర్, మూత్రం కల్చర్ రాస్తే యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే నమూనా ఇవ్వండి.

9. “ముక్కు మూసి పోసెయ్, తాగకేం చేస్తాడు?”

అలా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పిల్లను నిటారుగా కూర్చోబెట్టి, సిరంజి మొనను బుగ్గ లోపలికి పెట్టి, కొంచెం కొంచెంగా వదిలి మింగనివ్వండి. సీసాడు పాలలో కలపకండి, పాలు మిగిలితే మందూ మిగిలిపోతుంది.

10. “దద్దుర్లా? మందు పడే లక్షణం, అదే పోతుంది.”

దద్దుర్లు వస్తే తర్వాతి డోసు వేయకముందే డాక్టరుకు చెప్పండి. పెదవులు, ముఖం వాచినా, పిల్లికూతలు వచ్చినా, పిల్ల సోలిపోయినా అంబులెన్స్‌కు 108కి ఫోన్ చేయండి. ఏ మందు పడలేదో పేరుతో సహా ఆసుపత్రి పుస్తకం మొదటి పేజీలో రాయించండి. యాంటీబయాటిక్ వాడుతుండగా కొంచెం విరేచనాలు అవడం మామూలే. రక్తం పడినా, పిల్ల నీరసించినా చూపించాలి.

11. “పసికందుకు ఆసుపత్రెందుకు, సిరప్ చుక్కలు వేద్దాం.”

2 నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా, పాలు మానేసినా ఇంట్లో ఏ యాంటీబయాటిక్ వేయకండి. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ వయసులో గంటలు కూడా విలువైనవే.

డాక్టరు గదిలోంచి బయటికి రాకముందే అయిదు ప్రశ్నలు అడగండి. ఇది బ్యాక్టీరియా వల్లేనా? ఈ రోజు బరువుకు ఎన్ని ఎంఎల్, ఏ సీసాలోంచి? ఎన్ని గంటలకోసారి, తిండికి ముందా తర్వాతా? ఎన్ని రోజులు? ఏం కనిపిస్తే మళ్లీ తీసుకురావాలి? జవాబులు చీటీ వెనక రాసుకోండి. ఇంట్లో మందు పోసే ప్రతి ఒక్కరికీ, అమ్మమ్మకైనా ఆయమ్మకైనా, ఆ రాత చదివి వినిపించండి. అడిగితే విసుక్కుంటారని మొహమాటపడకండి. బిడ్డ ఒంట్లోకి వెళ్లే మందు గురించి అడగడం తల్లిదండ్రుల హక్కు.