ఎనభై ఒకటి దొరకడం కష్టం

భారతదేశంలో నిరుద్యోగికి ఒక నంబరుంది: 81. కేంద్ర గణాంక శాఖ 2017 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే ఇళ్లకు వెళ్లి మనిషి మనిషికీ ఒక కోడ్ తగిలిస్తుంది. సొంతంగా ఏదో చేసుకునేవాడు 11, నెలజీతగాడు 31, రోజుకూలి 51, ఇంటిపని చూసుకునే ఇల్లాలు 92, అద్దెల మీదా పెన్షన్ మీదా బతికే అదృష్టవంతుడు 94. పని లేదు, ఇస్తే చేస్తాననేవాడు 81. వీటన్నిటిలోకీ అర్హతలు కఠినంగా ఉన్నది ఈ ఆఖరి నంబరుకే.

మొదటి అర్హత గడియారానికి సంబంధించింది. వారం లెక్కలో, గడిచిన 7 రోజుల్లో ఏదో ఒక రోజు గంటసేపు పని దొరికినా ఆ మనిషి నిరుద్యోగి కాడు. ఇది ఢిల్లీ వాళ్లు కనిపెట్టిన కిటుకు కాదు, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పుకున్న కొలతే. హైదరాబాద్‌లో ఏ లేబర్ అడ్డా మీదైనా పొద్దున్నే ఆరింటికి తాపీ, టిఫిన్ క్యారియర్ పట్టుకుని మేస్త్రీలు నిలబడి ఉంటారు. పది దాటాక ఇక ఎవరూ రారని తెలిసి, మధ్యాహ్నానికని తెచ్చుకున్న అన్నం ఫుట్‌పాత్ మీదే తినేసి ఇంటిదారి పడతారు. ఆరు రోజులు ఇలాగే గడిచి, ఏడో రోజు ఎవరో లారీలోంచి సిమెంటు బస్తాలు దింపించుకుంటే, సర్వే పుస్తకంలో ఆ మేస్త్రి ఆ వారానికి ఉద్యోగస్తుడు. యాభై నిమిషాల్లో దింపేశాడా, మళ్లీ 81. చురుకైన కూలీల వల్ల దేశ గణాంకాలకు ఇంత ముప్పు ఉంది.

ఏడాది లెక్క ఇంకా ఉదారమైంది. సంవత్సరంలో ఎక్కువ కాలం ఖాళీగానే ఉన్నా, మొత్తం మీద 30 రోజులు ఏదో ఒక పని చేస్తే చాలు. అందువల్ల 2023-24లో నిరుద్యోగం వారం లెక్కన 4.9 శాతం, ఏడాది లెక్కన 3.2 శాతం. ఉపన్యాసాల్లో ఏది వినబడుతుందో ఊహించడానికి అర్థశాస్త్రం చదవక్కర్లేదు.

ఏడాది లెక్కలో 2017-18 నాటి అంకె 6.1. నాలుగున్నర దశాబ్దాల్లో అంత ఎక్కువ లేదని అప్పట్లో గగ్గోలు పుట్టింది. నివేదిక బయటికి రావడం లేదంటూ 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్ సభ్యులు ఇద్దరు రాజీనామా చేశారు. ఆ మే 30న కొత్త ప్రభుత్వం ప్రమాణస్వీకారం చేసింది, 31న నివేదిక విడుదలైంది. ముహూర్తబలం అన్నమాట.

ఆ 6.1 కాస్తా 3.2కి దిగిందంటే మధ్యలో ఫ్యాక్టరీలు వెలిశాయేమోనని వెతకనక్కర్లేదు. పనిచేసేవారిలో నెలజీతగాళ్ల వాటా 22.8 శాతం నుంచి 21.7కి తగ్గింది. స్వయం ఉపాధి మాత్రం 52.2 నుంచి 58.4కి పెరిగింది. ఈ స్వయం ఉపాధిలో కోడ్ 21 అనే గది ఒకటుంది. ఇంట్లోవాళ్ల పొలంలోనో కొట్లోనో జీతం లేకుండా సాయం చేసేవాళ్లు అందులోకి వస్తారు. 2023-24లో పనిచేస్తున్న ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు అక్కడే ఉన్నారు. జీతం సున్నా, ఉద్యోగం ఒకటి. వ్యవసాయం మీద ఉన్నవారూ తగ్గాల్సింది పోయి 46.1 శాతం దగ్గర నిలబడ్డారు.

అదే కాలంలో ఆడవాళ్లలో కార్మిక శక్తిలో ఉన్నవారి వాటా 23.3 నుంచి 41.7 శాతానికి ఎగబాకింది. ఇందులో గేదె చేసిన సేవ తక్కువది కాదు. సర్వే నిర్వచనం ప్రకారం ఇంటి అవసరానికైనా సరే గేదెను మేపి పాలు పితికితే అది ఆర్థిక కార్యకలాపం. ఆ పాలే కాచి, తోడేసి, మజ్జిగ చిలికితే ఇంటిపని. పాకలోంచి వంటింట్లోకి చెంబుతో నడిచే పది అడుగుల్లో ఇల్లాలు కార్మిక శక్తిలోంచి బయటికి వచ్చేస్తుంది.

ఇన్ని వలలు దాటుకుని 81 సంపాదించేవారిలో చదువుకున్నవాళ్లే ముందుంటారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో తెచ్చిన నివేదిక ప్రకారం 2022లో పట్టభద్ర యువతలో నిరుద్యోగులు 29.1 శాతం, చదవడం రాయడం రానివారిలో 3.4 శాతం. చదువు లేనివాడికి ఖాళీగా కూర్చునే స్తోమత లేదు. డిగ్రీ ఉన్నవాడి వెనక నాన్న 94 ఉంటాడు, లేదా అమ్మా గేదే ఉంటాయి.

తెలుగిళ్లలో ఈ స్థితికి వేరే పేరుంది. “మీవాడేం చేస్తున్నాడు?” అంటే “ప్రిపేర్ అవుతున్నాడండీ” అంటారు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఆ క్రియాపదం మీద స్టడీ హాళ్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, టీ కొట్లు బతుకుతున్నాయి. ఉద్యోగం దొరకని కుర్రాడు ఇంతమందికి ఉద్యోగం ఇస్తున్నాడని ఏ నివేదికా రాయలేదు. ఓపికకైతే కొదవ లేదు. 2019లో రైల్వే 35 వేల పైచిలుకు పోస్టులకు ప్రకటన ఇస్తే కోటీ పాతిక లక్షల దరఖాస్తులు వచ్చాయి, తొలి పరీక్ష 2020 డిసెంబరులో గానీ మొదలవలేదు. ఇంతకీ సర్వేవాళ్లు వచ్చినప్పుడు పెద్దాయన “చదువుకుంటున్నాడు” అన్నాడంటే కోడ్ 91 పడుతుంది. కుర్రాడు నిరుద్యోగీ కాడు, అసలు కార్మిక శక్తిలోనే లేడు.

2025 నుంచి ఈ అంకెలు నెలనెలా వస్తున్నాయి. ఏప్రిల్ నెలకు వారం లెక్కన 5.1 శాతమని తొలి బులెటిన్ చెప్పింది. వీటి కోసం ట్యాబ్ పట్టుకుని గడపగడపకీ తిరిగేవారిలో చాలామంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే. కాంట్రాక్టు అయిపోయిన వారం వాళ్లింటికి ఇంకో ట్యాబ్ వస్తే 81 రాయవచ్చు. కాకపోతే ముందుగా, ఈ ఏడు రోజుల్లో ఎక్కడైనా గంటసేపు ఏమైనా చేశారా అని అడగాలి.